సంధి కుదరని రాయబారాలు

పోయిన డిసెంబరులో తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మన్నారు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఎవరైనా పిలిస్తే కాదనలేను. విషయం 'ఆడపిల్లల చదువు'. చేతిలో ఒక మార్కుల షీటు పెట్టారు. ఉచ్చారణకి 10, హావభావాలకి 10, ధారణకి 10, విషయానికి 10, సమయపాలనకి 10. నాలుగో నిమిషానికి ఒక గంట కొడతారు, ఐదో నిమిషానికి రెండు.

మొదటి బహుమతి పదో తరగతి కుర్రాడికి వచ్చింది. ఆడపిల్లల చదువుతో మొదలుపెట్టి రెండో నిమిషానికల్లా 'దానవీరశూరకర్ణ'లో దుర్యోధనుడి డైలాగు దగ్గర తేలాడు. కులం పేరు చెప్పి కర్ణుణ్ణి ఆపినట్టే ఆడపిల్ల అని చెప్పి చదువు ఆపుతున్నారు అని మధ్యలో ఒక వంతెన కూడా వేశాడులెండి. "ఏమంటివి, ఏమంటివి" అనేసరికి హాలు ఊగిపోయింది. సినిమా 1977లో వచ్చింది. అప్పట్నించీ ఈ డైలాగు వినపడని స్కూల్ డే నాకు గుర్తులేదు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటల బరువు అలాంటిది. కుర్రాడు కూడా ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకుని, తొడ కొట్టాల్సిన చోట కొట్టి, గంట మోగకముందే దణ్ణం పెట్టాడు. నా షీట్లో వాడికి 46.

వాడి తర్వాత వచ్చింది తొమ్మిదో తరగతి అమ్మాయి. గొంతు పెద్దది కాదు, మైకు తన ఎత్తుకి దించుకోవాలని కూడా తట్టలేదు. "మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూం తలుపుకి గొళ్లెం లేదు సార్" అని మొదలుపెట్టింది. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలట. ఇంటర్వెల్ పది నిమిషాలు, క్యూ పొడుగు. అందుకని చాలామంది పొద్దున్నించి నీళ్లు ముట్టరట. "సీసా నిండా నీళ్లు తెచ్చుకుంటాం. సాయంత్రం నిండుగానే ఇంటికి తీసుకుపోతాం" అంది. నెలసరి రోజుల్లో స్కూలు మానేసేవాళ్ల గురించి ఒక్క వాక్యం చెప్పింది, తల దించుకుని. మూడో నిమిషంలోనే అయిపోయింది. చప్పట్లు లేవు. ముందు వరసలో కరస్పాండెంట్ గారు ఫోను తీసి చూసుకుంటున్నారు.

హావభావాలకి 4 వేశాను. విషయానికి 6. నా పక్కనున్నాయన "టాపిక్ వదిలేసిందండీ" అన్నారు. "అవునండీ" అన్నాను. నాలుగో స్థానం వచ్చింది. బహుమతులు మూడే.

అప్పట్నించీ ఈ విషయం నన్ను వదలడం లేదు. ఆ షీటు తప్పు అని నాకు అనిపిస్తోంది. ఇంకా లోపలికి వెళ్తే, వక్తృత్వం అంటే మనం పెట్టుకున్న లెక్కే తప్పు. జనాన్ని ఊపేసేదీ, మనసులు మార్చేదీ, అక్కడికక్కడే గెలిచేదీ మంచి ప్రసంగం అనుకుంటాం. చరిత్రలోనూ సాహిత్యంలోనూ నేను పదే పదే తిరిగి వెళ్లే ప్రసంగాలు చూస్తే, చాలావరకు ఆ రోజు ఓడిపోయినవే. గెలవడం వాటి పని కాదేమో అని నా అనుమానం.

ఈ అనుమానం పుస్తకాల్లోంచి రాలేదు. మా నాయనకి మైక్ సెట్ ఉండేది. ఒక అహుజా ఆంప్లిఫయరు, రెండు హారన్లు, మూడు మైకులు, కరెంటు పోతే ఉంటుందని ఒక కారు బ్యాటరీ. చిత్తూరు చుట్టుపక్కల పెళ్లిళ్లు, ఎలక్షన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా భారతాలు. మా వైపు చాలా ఊళ్లలో ధర్మరాజుల గుడి ఉంటుంది. ఎండాకాలం అక్కడ భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. ఒక రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కి పైనించి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాగిలపడి ఉంటారు. ఆఖరి రోజు మిట్ట మీద దుర్యోధనుణ్ణి మట్టితో మనిషికి పదింతలు చేసి పడుకోబెడతారు, భీముడు వచ్చి తొడ పగలగొడతాడు. సాయంత్రం అగ్నిగుండం.

నాటకం రాత్రుల్లో నా చోటు ఆంప్లిఫయరు పక్కన. స్టేజీ మీదివాళ్లు చిందులు తొక్కుతారు కాబట్టి మైకుని పైన దూలానికి వేలాడదీసేవాళ్లం. ఒక హారను చింతచెట్టు కొమ్మకి, పక్కూరి వైపు తిప్పి. మైక్ సెట్ వాడు కూర్చునేది స్టేజీకి పక్కగా. నటుడి వీపు సగం కనిపిస్తుంది, జనం మొహాలు పూర్తిగా కనిపిస్తాయి. పదేళ్లపాటు నేను ప్రసంగాలు చూసింది అటువైపు నించే.

రాయబారం రాత్రి నాయన వాల్యూం తగ్గించేవాడు. అందరూ పెంచమని అడిగే రాత్రి అది. "జనం ఇంటా ఉంటే వాల్యూం తగ్గించాల రా" అనేవాడు. మైకు కీచుమనకుండా ఉండడానికి అదొక కిటుకు అని అప్పట్లో అనుకున్నాను. వేరుసెనక్కాయల తొక్కల శబ్దం కూడా ఆగిపోయేది. చెక్క కిరీటం, అద్దం ముక్కలు అతికించిన భుజకీర్తులతో కృష్ణుడు లేచి నిలబడితే, చంటిపిల్లల తల్లులు పిల్లల నోళ్లకి పాలిచ్చి మరీ నిశ్శబ్దంగా ఉంచేవాళ్లు. మా నాటకం వాళ్లు తిరుపతి వేంకట కవుల పద్యాలు కూడా కలిపేసుకునేవాళ్లు. పేరులో తిరుపతి ఉంది కదా అని చాలాకాలం వాళ్లు మా జిల్లావాళ్లే అనుకుని గర్వపడ్డాను. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గోదావరి వైపు వాళ్లని తెలిసినరోజు నాకు కలిగిన బాధ చెప్పనలవి కాదు.

సంగతేంటంటే, సంధి కుదరదని అక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు. ఇంకొన్ని రోజుల్లో మిట్ట మీద మట్టి కలిపి దుర్యోధనుణ్ణి చెయ్యాలి, మనుషుల్ని కూడా మాట్లాడుకున్నారు. మరి ఓడిపోయే ఈ మాటల్ని ఇంత నిద్ర ఆపుకుని ఎందుకు వింటున్నారు? మా అవ్వని అడిగాను.

"ఆయప్పకి తెలీకనా రా అబ్బోడా వచ్చింది? రేపు పొద్దన నువ్వొచ్చి ఒక మాట చెప్పుంటే ఆగిపోయుండునే అని ఎవురూ అనకూడదు గదా. అందుకొచ్చినాడు."

అవ్వకి చదువు రాదు. ఆమె ఏ హరికథలోనో విని ఉంటుంది. ఉద్యోగపర్వంలో విదురుడి ఇంట్లో సరిగ్గా ఇదే సంభాషణ ఉంది. ఆ దుర్మార్గుల మధ్యకి నువ్వెందుకు వచ్చావని విదురుడు అడిగితే, చేతనై ఉండీ కృష్ణుడు ఆపలేదనే మాట లోకం అనకూడదని వచ్చానంటాడు.

మర్నాడు సభలో ఆయన మాట్లాడింది దుర్యోధనుడితోనే అని ఎవరైనా అనుకుంటే తిక్కన దగ్గరికి వెళ్లి రావాలి. 'సారపు ధర్మమున్ విమల సత్యము' అని మొదలయ్యే పద్యం తెలుగు మీడియంలో చదివినవాళ్లకి చెవిన పడే ఉంటుంది. ధర్మం, సత్యం రెండూ పాపం చేతా అబద్ధం చేతా గట్టెక్కలేక చెడిపోతున్నప్పుడు, 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు'. ఆపగలిగిన సత్తా ఉండీ ఊరకే కూర్చున్నవాళ్లకే అది చేటు. ధర్మాన్ని ఒడ్డుకు చేర్చడానికి దైవం ఎలాగూ ఉంటాడు, మీ సంగతి చూసుకోండి అని. దుర్యోధనుడు ఉపేక్ష చేసే రకం కాదు, చేసేవాడే. ఈ మాట తగలాల్సింది ధృతరాష్ట్రుడికి, భీష్ముడికి, ద్రోణుడికి. వాళ్ల మనసు మారుతుందన్న ఆశ అందులో పెద్దగా లేదు. మేం వినలేదు, మాకెవరూ చెప్పలేదు అనే దారి మాత్రం ఆ పద్యంతో మూసుకుపోయింది. ముప్పై ఏళ్లు ఈ పద్యానికి ప్రతిపదార్థం రాయించాను. దక్షులు అంటే సమర్థులు, ఉపేక్ష అంటే అలక్ష్యం. తిరగేసి అడిగినా చెప్పేవాళ్లు పిల్లలు.

ఇప్పుడు తిరుపతిలో ఏ వీధిలో చూసినా 'పబ్లిక్ స్పీకింగ్' నేర్పుతామని బోర్డులున్నాయి. అక్కడ తప్పకుండా డెమోస్తనీస్ కథ చెప్తారు. గ్రీసువాడు, నత్తి, నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సముద్రం ఒడ్డున అలల మీదికి అరిచి అరిచి మహావక్త అయ్యాడు, కాబట్టి ఫీజు కట్టండి. ఆ గులకరాళ్లతో ఏం సాధించాడో మాత్రం చెప్పరు. మాసిడోనియా రాజు ఫిలిప్పు మీదికి వస్తున్నాడు, మేలుకోండి అని ఏథెన్సువాళ్లని ఏళ్ల తరబడి హెచ్చరించాడు. వాళ్లు లేచేసరికి ఆలస్యమైంది. క్రీ.పూ. 338లో కైరోనియా దగ్గర ఏథెన్సు ఓడిపోయింది. క్రీ.పూ. 322లో ఆయన శత్రువులకి దొరక్కుండా విషం తాగి చనిపోయాడు. మూడు వందల ఏళ్ల తర్వాత రోములో సిసెరో అనే వక్త, ఆంటోనీ అనే నాయకుడి మీద 14 ప్రసంగాలు చేసి వాటికి డెమోస్తనీస్ ప్రసంగాల పేరే పెట్టుకున్నాడు, 'ఫిలిప్పిక్కులు' అని. ఓడిపోయిన ప్రసంగాల పేరు ఏరికోరి పెట్టుకోవడం చూడండి. ఆయనకి జరిగింది ఇంకా ఘోరం. క్రీ.పూ. 43లో ఆంటోనీ మనుషులు చంపి, తలా చేతులూ తెచ్చి ఆయన ఉపన్యాసాలిచ్చిన వేదిక మీదే ప్రదర్శనకి పెట్టారు. మాటకి శక్తి లేదనుకున్నవాడు చేతులు నరికించి అక్కడ పెట్టించడు.

సోక్రటీసు సంగతీ అంతే. క్రీ.పూ. 399లో విచారణ. 30 ఓట్లు అటు పడి ఉంటే విడుదలయ్యేవాణ్ణి అని ఆయనే అన్నాడని ప్లేటో రాశాడు. నేరం రుజువయ్యాక, నీకేం శిక్ష వేయమంటావో నువ్వే చెప్పు అంటే, నాకు ప్రభుత్వ ఖర్చుతో భోజనం పెట్టండి, ఒలింపిక్ విజేతలకి పెట్టినట్టు అన్నాడు. సమయపాలనకి, వేదిక మర్యాదకి మార్కులేసే న్యాయనిర్ణేత ఎవరైనా సున్నా వేస్తాడు.

గాంధీ ప్రసంగం ఒకటుంది, నాకు వీటన్నిటికంటే ఇష్టం. అసలాయన వక్తే కాదు. కుర్ర లాయరుగా బొంబాయిలో మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి, నోరు పెగలక కూర్చుండిపోయాడు. ఫీజు 30 రూపాయలు వెనక్కిచ్చేశాడు. 1922 మార్చి 18న అహ్మదాబాదులో రాజద్రోహం కేసు. 'యంగ్ ఇండియా'లో రాసిన మూడు వ్యాసాలు నేరం. నేరం ఒప్పుకున్నాడు. రాసుకొచ్చిన కాగితం చదివాడు. సారాంశం ఇది: ఈ చట్టం సరైందని మీరు నమ్మితే నాకు గరిష్ఠ శిక్ష వెయ్యండి, నమ్మకపోతే ఉద్యోగానికి రాజీనామా చెయ్యండి. మధ్యలో దాక్కునే చోటు ఎక్కడా మిగల్చలేదు.

జడ్జి బ్రూంఫీల్డ్ ఏమయ్యాడో చూడాలి. మీరు నేను ఇంతవరకూ విచారించినవాళ్లలాంటివారు కాదు, కోట్లమంది దృష్టిలో మహా దేశభక్తులు అన్నాడు. 1908లో తిలక్‌కి వేసినట్టే ఆరేళ్లు వేశాడు. వేసి, ప్రభుత్వం ఈ శిక్ష తగ్గించే రోజు వస్తే నాకంటే ఎక్కువ సంతోషించేవాడు ఉండడు అన్నాడు. లెక్క ప్రకారం గాంధీ ఓడిపోయాడు, జైలుకెళ్లాడు. ఆ రోజు గదిలో ఎవరు సంజాయిషీ చెప్పుకున్నట్టు మాట్లాడారో మాత్రం రికార్డులో ఉంది. జడ్జి రాజీనామా చెయ్యలేదు, చేయడని గాంధీకీ తెలుసు. కుర్చీలో కూర్చున్న మనిషికి తానేం చేస్తున్నాడో పూర్తిగా తెలిసేలా చేయడమే అక్కడ జరిగిన పని.

అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత, ఈ వైరుధ్యంలోకి జనవరి 26న అడుగుపెడుతున్నాం అన్నాడు. ఆ ప్రసంగం గెలిచిందా ఓడిందా అన్నది ఇంకా తేలలేదు.

దీని మీద నా మిత్రుడొకాయన, ఎస్వీ యూనివర్సిటీలో కలిసి చదువుకున్నాం, నన్ను తిట్టాడు. "ఓడిపోయినవన్నీ ఏరుకుని గొప్పవంటే ఎట్లయ్యా? గెలిచినవి లేవా? 1983లో ఎన్టీఆర్ తిరుపతిలో నిలబడి గెలవలేదా? ఆ గొంతు వినడానికి మీ నాయన హారన్ల కింద జనం ఎట్లా చేరేవాళ్లో నువ్వే చెప్పేవాడివి కదా." నిజమే. నేనూ ఆ జనంలో ఉన్నాను, నాకూ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ అనుభవాన్ని తక్కువ చేయను. గెలిచిన మాటలు ఉంటాయి, వాటివల్ల మంచి జరిగిన సందర్భాలూ ఉంటాయి.

కాకపోతే గెలుపునే కొలబద్దగా పెట్టుకుంటే ఎక్కడికి వెళ్లి ఆగుతామో అదే నా భయం. 1943 ఫిబ్రవరి 18న బెర్లిన్లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ప్రసంగించాడు. ఏరి తెచ్చి కూర్చోబెట్టిన జనం. మీకు సంపూర్ణ యుద్ధం కావాలా అని అడిగాడు, హాలు పగిలిపోయేలా కావాలన్నారు. ఉచ్చారణ 10, హావభావాలు 10. రెండేళ్లు తిరిగేసరికి ఆ నగరం శిథిలాల గుట్ట. షేక్స్‌పియర్‌కి ఈ సంగతి ముందే తెలుసు. 'జూలియస్ సీజర్'లో ఆంటోనీ ప్రసంగం పూర్తిగా గెలుస్తుంది. వెంటనే వచ్చే సీనులో ఆ జనం వీధిన పోతున్న సిన్నా అనే కవిని పట్టుకుంటారు. సీజర్‌ని చంపిన కుట్రదారుల్లో అదే పేరుగలవాడు ఉన్నాడు. నేను ఆ సిన్నాని కాదు బాబూ, కవిని అని మొత్తుకుంటే, అయితే చెత్త కవిత్వం రాసినందుకు చీల్చండి అంటారు. నవ్వొస్తుంది, మరుక్షణం ఒళ్లు జలదరిస్తుంది.

మా కుర్రాడు చెప్పిన డైలాగే తీసుకోండి. అందులో ప్రతి మాటా సత్యం. పుట్టుక అడిగి విద్యని ఆపకూడదు, కాదనేదెవరు? అది చెప్తున్నవాడికి అర్జునుడికి సాటివచ్చే విలుకాడు కావాలి. ఆ మాట గెలిచింది, కర్ణుడికి అక్కడికక్కడే అంగరాజ్యం వచ్చింది. దాంతో కర్ణుడు జీవితాంతం ఋణస్థుడయ్యాడు. రాయబారం చెడిపోయాక కృష్ణుడు రథం ఎక్కించుకుని నువ్వు కుంతి కొడుకువి అని చెప్పినా కదల్లేకపోయాడు. సంధి కుదరని ఆ రాయబారం మాత్రం ఎవరి మెడకీ ఏ అప్పూ తగిలించలేదు.

మా పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది ఇంకో రకం ఓటమి. దివ్యజ్ఞాన సమాజం నడిపిన అనీబిసెంటు ఆయన్ని జగద్గురువుగా తయారుచేసింది. స్వయంగా ఆవిడే పెద్ద వక్త. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఒమెన్లో, ఆవిడ ఎదురుగానే, మూడు వేలమంది సభ్యుల ముందు, తన కోసం కట్టిన సంస్థని తానే రద్దు చేస్తున్నానన్నాడు. సత్యానికి దారులు లేవు, నన్ను అనుసరించకండి అన్నాడు. ఆ తర్వాత 1986లో పోయేదాకా దేశదేశాల్లో ఆ మాటే చెప్తూ తిరిగాడు, తనని తాను 'వక్త' అని మూడో మనిషిలా చెప్పుకుంటూ. వక్తని కాదు, మీలోకి చూసుకోండి అని. జనం ఏం చేశారు? అనుసరించారు. ఆయన స్కూలున్న రిషివ్యాలీ వెళ్లినప్పుడల్లా నాకు ఆయన మీద జాలీ, గౌరవమూ రెండూ కలుగుతాయి.

నాకు తెలిసి మన సాహిత్యంలో మంచి మార్కుల షీటు ఒకటుంది. కిష్కింధకాండలో హనుమంతుడు మొదటిసారి వచ్చి మాట్లాడినప్పుడు రాముడు లక్ష్మణుడికి ఆ మాటతీరు విడమర్చి చెప్తాడు. సాగదీత లేదు, సందేహం లేదు, నత్తనడక లేదు, పరుగు లేదు, గొంతు మధ్యస్థాయిలో ఉంది, మొహంలో కనుబొమల్లో ఎక్కడా వికారం లేదు. (ఆ హనుమంతుడు పుట్టింది తిరుమల అంజనాద్రిలోనే అని టిటిడి 2021లో ప్రకటించింది. హంపీ వైపు వాళ్లు ఒప్పుకోలేదు. ఆ తగువులో నేను దూరను.) నా షీటుకీ ఆ షీటుకీ చాలా పోలికలున్నాయి. ఒక్క తేడా ఉంది. ఈ మెచ్చుకోలు మొదలుపెట్టే ముందే రాముడు లక్ష్మణుడితో ఒక మాట అంటాడు. ఈయనకి బదులు చెప్పు, స్నేహంగా మాట్లాడు అని.

బహుమతులు ఇచ్చేశాక కరస్పాండెంట్ గారి గదిలో టీ, మిక్చరు పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతలం, హెడ్మాస్టరు, ఆయన. వైకుంఠ ఏకాదశి టోకెన్ల గురించి మాట్లాడుకున్నాం, ఎవరికి ఎక్కడ దొరికాయో, ఎన్ని గంటలు నిలబడ్డారో. దుర్యోధనుడి కుర్రాడి గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. "ఆ గొంతేంటండీ" అని నేనే రెండుసార్లు అన్నాను. గొళ్లెం మాట ఎవరూ ఎత్తలేదు. వినకపోతే అంత జాగ్రత్తగా తప్పించలేం. నాకు శాలువా కప్పి, స్వామివారి పటం చేతిలో పెట్టి ఫోటో తీశారు. నవ్వాను.

బయటికొచ్చి ఆటో కోసం చూస్తుంటే ఆ అమ్మాయి సైకిలు స్టాండులోంచి సైకిలు తీసుకుంటోంది. నన్ను చూసి "నమస్తే సార్" అంది. బ్యాగు పక్క జేబులో నీళ్ల సీసా ఉంది, మూత దాకా నిండుగా.